ఇంకేం లేదు సార్

రిటైరైన నర్సులు జ్ఞాపకాలు రాస్తే, వాగు పొంగిన రోజు అవతలి ఒడ్డుకు వెళ్లి పురుడు పోసిన కథ ఒకటి తప్పకుండా ఉంటుంది. నా దగ్గరా అలాంటివి రెండున్నాయి. మనవరాళ్లకు చెప్పీ చెప్పీ ఆ వాగు వెడల్పు ఏటేటా పెంచుకుంటూ వచ్చాను. వాటిని ఇక్కడ రాయను. కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయిలు ఇది చదువుతారని చెప్పారు కాబట్టి, నేను చేసిన వాటిలో చెడ్డపని ఒకటి రాస్తాను. మంచిపనుల గురించి చెప్పేవాళ్లు మీకు చాలామంది దొరుకుతారు.

ఎనభైల మధ్యలో సంగతి. పిడుగురాళ్ల అవతల సున్నపుబట్టీల ఊరొకదానిలో నేను ఏఎన్ఎంని. నాకప్పుడు నలభై ఆరేళ్లు. మా ఆయన మాచర్లలో స్కూలు గుమాస్తా. ఆదివారం వచ్చి సోమవారం తెల్లారుజామున బస్సెక్కేవాడు. అత్తగారు నా దగ్గరే ఉండేది. ఆ ఏడు వేసవిలో నాకు ముట్లు ఆగిపోయాయి. వెనకే సెగలు మొదలయ్యాయి.

సెగ గుండెల దగ్గర పుట్టి, మెడ మీదుగా మొహానికి పాకేది. చెవులు కాలిపోయేవి. రెండు నిమిషాల్లో రవిక తడిసి వీపుకు అంటుకునేది. అది పోగానే చలి. పగలు సరే, ఎలాగో గడిచేది. రాత్రి రెండుసార్లు, మూడుసార్లు చెమటలో నానిపోయి లేచేదాన్ని. అత్తగారికి మెలకువ రాకుండా ట్రంకుపెట్టె మూత ఎత్తి పొడి రవిక తీసుకోవడం నేర్చుకున్నాను. నిద్ర లేక పొద్దున్నే కళ్లు మండేవి. పసిబిడ్డకు టీకా వేస్తుంటే నా మొహం మీది చెమట వాడి తొడ మీద పడేది. కారణం లేకుండా ఏడుపు వచ్చేది. కృష్ణ వంతెన మీద బస్సులో పోతున్నప్పుడు, ఈ బస్సు అందులో పడిపోతే బాగుండునని మనసులో అనుకున్న రోజులున్నాయి. నా ఒక్కదాని కోసం బస్సంతా ఎందుకులే అని కూడా అనుకున్నాను.

ఇదేమిటో తెలియక కాదు. ట్రైనింగులో మా టీచరమ్మ దీని గురించి ఒక పాఠం చెప్పింది. పాఠమంటే అరగంట. గర్భిణి గురించి మూడు నోటుపుస్తకాలు రాసుకున్నవాళ్లం, దీనికి అరపేజీ రాసుకున్నాం. ఆ అరపేజీలో చివరి వాక్యం, ధైర్యం చెప్పాలి అని. అంతే. ధైర్యం ఎవరు ఎవరికి చెప్పాలో రాసుకోలేదు.

మరి ఎందుకు దాచావమ్మా అని మీరు అడగొచ్చు. మా పెద్దాసుపత్రిలో ఆయా ఒకామె ఉండేది. అంతకు రెండేళ్ల ముందు ఆమెకూ ఇదే వచ్చింది. పని మధ్యలో కొంగుతో విసురుకుంటూ గోడకు చేరగిలబడేది. మా మలేరియా సారు, అంటే జ్వరాల సర్వేకు తిరిగే మగ హెల్త్ వర్కరు, ఆమెను చూసి, "బండి హీటెక్కింది, రేడియేటర్లో నీళ్లు పొయ్యండ్రా" అన్నాడు. ఆసుపత్రి అంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే. ఆ తర్వాత ఆమె పేరు మర్చిపోయి రేడియేటర్ అనడం మొదలుపెట్టాం.

ఇంట్లో అత్తగారొకత్తి. పక్కింటావిడ సంగతి మాట్లాడుతూ, "ఆడది ఎండిపోయిందంటే మొగోడు ఇంటికి రావడం దానంతటదే మానుకుంటాడే" అని ఒకసారి అన్నది. వారానికొక రోజు వచ్చే మొగుడున్నదాన్ని, ఆ మాట నాకెక్కడ తగలాలో అక్కడ తగిలింది. అందుకని ముట్లు ఆగిపోయిన తర్వాత కూడా నెలకు మూడు రోజులు పక్కన కూర్చున్నాను. చాప విడిగా, చెంబు విడిగా, అన్నీ పద్ధతి ప్రకారం. లేని మైలను తేదీ తప్పకుండా పాటించాను. ఆ మూడు రోజులూ వంట తప్పేది కాబట్టి కొంచెం సుఖంగా కూడా ఉండేదని ఒప్పుకుంటున్నాను.

బయట మాత్రం పల్నాడు ఎండ నాకు అండగా నిలిచింది. చెమటేందమ్మా అంటే ఎండ అనేదాన్ని. ఎవరూ కాదనేవాళ్లు కారు.

ఇప్పుడు బూబమ్మ సంగతి. బట్టీల దారిలో ఆమె జొన్నరొట్టెలు కాల్చి అమ్మేది. రాయి కొట్టేవాళ్లు, బట్టీ ఎగదోసేవాళ్లు పొద్దున్నే రెండు రొట్టెలు, గోంగూరపచ్చడి పెట్టించుకుని పోయేవాళ్లు. భర్త రోడ్డుపక్క షెడ్డులో లారీ మెకానిక్కు. ఆమెదీ దాదాపు నా వయసే. తెల్లారేసరికి పొయ్యి ముందు కూర్చుని, చెయ్యి తడిచేసుకుంటూ రొట్టె తడుతుంటే ఆ చప్పుడు వీధి మొదటికే వినపడేది.

మా పనిలో అప్పుడు ఒక పద్ధతి ఉండేది. పదిహేను రోజులకొకసారి ఇంటింటికీ పోయి జ్వరం వచ్చిందా అని అడగాలి. వచ్చిందంటే వేలు గుచ్చి గాజుపలక మీద రెండు చుక్కల రక్తం తియ్యాలి, అక్కడే నిలబెట్టి నాలుగు క్లోరోక్విన్ బిళ్లలు మింగించాలి, తలుపు మీద తేదీ రాయాలి. నెలకు ఇన్ని స్లైడ్లు అని పైనుంచి ఒత్తిడి. జ్వరాలు లేని నెలలో మలేరియా సారు దిగులుగా తిరిగేవాడు. ఊరు ఆరోగ్యంగా ఉంటే ఆయనకు మెమో వచ్చేది.

అలాంటి దిగులు నెలలో ఒక రోజు ఇద్దరం కలిసి బూబమ్మ ఇంటికి వెళ్లాం.

"సారూ, నాకు జెరం రోజుకి పదిసార్లు వచ్చిపోతంది" అన్నది.

"పదిసార్లు వచ్చిపోడానికి అదేమన్నా టౌను బస్సా బూబమ్మా?" అన్నాడు ఆయన. అంటూనే సంతోషంగా సూది తీశాడు.

"నవ్వమాక సారూ. ఒళ్లంతా కాగిపోద్ది. పొయ్యి సెగేమో అనుకున్నా. పొయ్యి ఆర్పినాక గూడా వస్తంది. రాత్రిళ్లు జాకెట్టు పిండితే నీళ్లు కారతన్నయ్యి."

ఆయన ఒకే వేలి రక్తంతో మూడు పలకలు నింపుకున్నాడు. ఒకటి ఆమె పేరున, మిగతా రెండూ ఆ వీధిలో ఎవరెవరి పేర్లనో. నేను చూశాను, ఊరుకున్నాను. నేను ఊరుకుంటే నా రిజిస్టర్ల జోలికి ఆయన వచ్చేవాడు కాదు.

ఆయన బయటికి పోయి తలుపు మీద తేదీ రాస్తుంటే, బూబమ్మ నా చెయ్యి పట్టుకుని పొయ్యి దగ్గరకు లాగింది. గొంతు తగ్గించి, "నర్సమ్మా, నీకొక్కదానికే చెప్తన్నా. నెల తప్పి ఆరు నెల్లయింది. ఈ వయసులో కడుపేందిరా అల్లా అని సిగ్గుతో చచ్చినా. కడుపు కాదు. మరేంది నర్సమ్మా ఇది?" అని అడిగింది.

నాకు అక్కడే, ఆ నిమిషంలోనే తెలిసింది. ఆమె జాకెట్టు పిండిన నీళ్లూ, నా ట్రంకుపెట్టెలోని పొడి రవికలూ ఒకటే. చెప్పాల్సింది ఒక్క వాక్యం. మలేరియా సారు తలుపు దగ్గర పది అడుగుల దూరంలో ఉన్నాడు. చెబితే, నీకెట్టా తెలుసని ఈమె అడుగుతుంది. నీకూ వస్తందా అంటుంది. ఆ ప్రశ్నకు భయపడ్డాను. "రక్తం రిపోర్టు రానీ బూబమ్మా, చూద్దాం" అన్నాను.

రిపోర్టు వచ్చింది, నెగెటివ్. మళ్లీ పదిహేను రోజులకు మళ్లీ వేలు, మళ్లీ చేదు బిళ్లలు. వానలు వచ్చి వెళ్లాయి. ఆమె వేళ్లన్నీ గుచ్చడం అయిపోయి మళ్లీ మొదటి వేలికి వచ్చాడాయన. ప్రతిసారీ ఈసారి చెబుదాం అనుకున్నాను. ప్రతిసారీ ఎవరో ఒకరు పక్కన ఉండేవారు. నిజానికి ఎవరూ లేని రోజులు కూడా ఉన్నాయి. ఆ రోజుల్లో వేరే సాకు దొరికేది.

చలికాలంలో ఆమెకు దగ్గు పట్టుకుంది. సున్నపు దుమ్ములో ఉండేవాళ్లకు దగ్గు కొత్త కాదు. అయితే మలేరియా కాని జ్వరం, రాత్రి చెమటలు, దగ్గు, ఈ మూడూ కలిస్తే మా లెక్కలో దాని పేరు క్షయ. మా డాక్టరు కొత్తగా చేరిన కుర్రాడు, ముప్పై కూడా నిండలేదు. మంచివాడు. ఇప్పటికీ మంచివాడనే అంటాను. కఫం పరీక్ష చేయించాడు, అందులో ఏమీ లేదు. అయినా ఎందుకైనా మంచిదని గుంటూరుకు పంపి ఎక్స్‌రే తీయించాడు.

ఆ ఫిల్ము వచ్చిన రోజు సంక్రాంతి వెళ్లిన వారానికి అనుకుంటాను. చలి బాగా ఉంది. డాక్టరుగారి గదిలో బూబమ్మ బురఖాలో బల్ల మీద కూర్చుంది. భర్త గుమ్మం దగ్గర, చేతులకు గ్రీజుతో, తల వంచుకుని నిలబడ్డాడు. మలేరియా సారు స్లైడ్ల పెట్టెతో ఒక పక్క. ఆయా బకెట్టుతో ఒక పక్క. నేను డాక్టరుగారి కుర్చీ వెనక.

ఆయన ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూశాడు. "మచ్చలైతే ఉన్నాయి. సున్నం దుమ్ముకూ ఇలాంటివి రావచ్చు. కఫంలో ఏమీ లేదు. దగ్గొక్కటే అయితే వదిలేసేవాణ్ని. ఆ రాత్రి చెమటలే నన్ను అనుమానంలో పెడుతున్నాయి" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. ఆడవాళ్లను అడగాల్సినవి నా చేతే అడిగించేవాడు. "సిస్టర్, మీరు విడిగా మాట్లాడారుగా. చెమటలకు ఇంకేదైనా కారణం ఉందా? ఏమైనా చెప్పిందా?"

చెబుదామనే నోరు తెరిచాను. ఇది మాత్రం నమ్మండి. తెరిచిన నిమిషానికే నాకు సెగ వచ్చింది.

మొహమంతా ఎర్రబడి, నుదుటి మీద నుంచి చెమట ధారగా కారింది. తెల్లచీర మెడ దగ్గర తడిసిపోవడం నాకే తెలుస్తోంది. డాక్టరు కంగారుపడి, "ఏంటి సిస్టర్, ఏమైంది?" అన్నాడు.

"ఎండ సార్" అన్నాను.

"జనవరిలోనా?"

మలేరియా సారు పళ్లికిలించాడు. "సిస్టరుకు గూడా ఒక స్లైడు తియ్యమంటారా సార్?" అన్నాడు. గుమ్మంలో ఉన్న మెకానిక్కు తప్ప అందరూ నవ్వారు. ఆయా మాత్రం నవ్వుతూనే నన్ను అదోలా చూసింది. ఆమెకు తెలిసిపోయిందని నాకు తెలిసిపోయింది.

నేను ఎడమచెయ్యి చాపి, "తియ్యండి" అన్నాను. నిజంగానే చాపాను. ఆయన నిజంగానే గుచ్చాడు. నేను నాలుగు బిళ్లలూ మింగాను. పదిమందిలో ముట్లుడిగినదాన్నని తెలియడం కన్నా మలేరియా రోగినని రాయించుకోవడం తేలిక అనిపించింది.

డాక్టరు ఇంకా నా జవాబు కోసమే చూస్తున్నాడు. "చెమటల సంగతి, సిస్టర్?"

"ఇంకేం లేదు సార్" అన్నాను.

బురఖాలోంచి బూబమ్మ నా మొహం వైపు చూసింది. పొయ్యి దగ్గర చెప్పిన మాట తను మరిచిపోలేదు. అయినా, పరాయి మగాళ్ల ముందు తన గుట్టు బయటపెట్టలేదని నా మీద గౌరవంతో చూసినట్టుంది ఆ చూపు. ఆ చూపును ఎన్నేళ్లైనా భరించలేకపోయాను. డాక్టరు క్షయకు చీటీ రాశాడు: బిళ్లలు, రోజుకొక స్ట్రెప్టోమైసిన్ సూది.

ఆ సూది రోజూ పొడిచింది నేనే. పొద్దున్నే మా సబ్‌సెంటరుకు వచ్చేది. రోజూ సూదికి పోయే మనిషికి ఏ జబ్బో మా ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. వారం తిరగకుండానే రొట్టెలు కొనేవాళ్లు మానేశారు. ఎవరూ గొడవ పడలేదు, ఒక్క మాట అనలేదు. ఆమె ఇంటి ముందు కాకుండా వెనక దారిలో బట్టీలకు పోవడం మొదలుపెట్టారు. కాల్చిన రొట్టెలు గంపలో అలాగే ఉండేవి. కొన్నాళ్లకు ఆమె తట్టడం ఆపేసింది. తన గ్లాసు తనే విడిగా పెట్టుకుంది. కూతురి పసిబిడ్డను ఎత్తుకోవడం మానుకుంది.

ఒక రోజు గుడ్డలో చుట్టిన రొట్టె ఒకటి తెచ్చి, "నా చేతిది నువ్వూ తినవులే నర్సమ్మా, అలవాటు చొప్పున తెచ్చినా" అన్నది. నేను అక్కడే తుంచుకుని తిన్నాను. బయటివాళ్లలో ఆమె రొట్టె తిన్నది నేనొక్కదాన్నే. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుని, నీలాంటి మంచిమనిషి లేదన్నది. తింటే ఏమీ కాదని తెలిసినదాన్ని, నా మంచితనమెంత!

సెగలు మాత్రం ఆమెకు తగ్గలేదు. నాకూ తగ్గలేదు. సూది వేసేటప్పుడు ఇద్దరికీ ఒకేసారి చెమట పట్టిన రోజులున్నాయి. "ఎండలు ముదురుతన్నయ్యి" అనేది నన్ను చూసి. అవుననేదాన్ని.

ఆ మందు కొందరికి చెవులు దెబ్బతీస్తుందని, నడిస్తే తూలు కూడా వస్తుందని మాకు చెప్పారు. చెవుల్లో హోరు ఉందా అని రోజూ అడగాలి. మొదటి వారమంతా అడిగాను. తర్వాత అడగడం తగ్గించాను. ఆమె మొహం చూడాల్సి వస్తుందని, పని ముగించి తొందరగా పంపేసేదాన్ని. ఒక మధ్యాహ్నం ఆలస్యంగా వచ్చింది. అప్పుడే క్వారీలో తూటాలు పేల్చారు. మా కిటికీ రెక్కలు అదిరాయి, నేను ఉలిక్కిపడ్డాను. బూబమ్మ బిళ్లలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. తల తిప్పలేదు.

"బూబమ్మా" అని పిలిచాను. పలకలేదు. భుజం పట్టుకుంటే అప్పుడు చూసింది. "ఈ మధ్య బట్టీలు పని చేస్తన్నట్టు లేదే నర్సమ్మా, ఊరంతా గమ్మునుంది" అన్నది. లేచి నిలబడబోయి గోడ పట్టుకుంది.

డాక్టరు ఆ రోజే సూదులు ఆపించాడు. పరీక్ష చేసి నన్ను పక్కకు పిలిచి, "పోయిన వినికిడి తిరిగి రాదు సిస్టర్. తెలిసి తెలిసి పాడుచేశామా అనిపిస్తోంది" అన్నాడు. ఆ కుర్రాడి కళ్లు ఎర్రబడ్డాయి. పాపం, ఆయనకేమీ తెలియదు. తెలిసినదాన్ని నేను. అప్పుడు కూడా నోరు విప్పలేదు. ఇప్పుడు చెప్పి ఏం లాభం, పోయిన చెవులు వస్తాయా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. సిగ్గును కాపాడుకోవడానికి నా దగ్గర ఎప్పుడూ ఒక తర్కం సిద్ధంగా ఉండేది.

పది రోజుల తర్వాత మలేరియా సారు మాటల మధ్యలో, "బూబమ్మ రేపు నర్సరావుపేట పోతంది సిస్టర్. గవర్నమెంటోళ్లు సూదులు ఆపేశారు, జబ్బేమో పోలా, చెమట్లు అట్టనే ఉన్నయ్యంటంది. అక్కడెవరో ప్రైవేటాయన దగ్గర అయ్యే సూదులు పొడిపించుకుంటదంట. గుర్తుకి ఖాళీ సీసా అడిగితే నేనే ఇచ్చినా" అన్నాడు.

మిగిలిన కాస్త వినికిడీ పోతుంది. నిలబడటానికీ, నడవడానికీ వీలుండదు. లేని జబ్బు కోసం. ఆ రాత్రి సెగలు రాకపోయినా నిద్రపోయేదాన్ని కాదు.

తెల్లారగానే బయల్దేరాను. వీధి మధ్యలో బోరింగు దగ్గర ఆడవాళ్లు బిందెలతో వరసగా నిలబడి ఉన్నారు. బూబమ్మ బురఖా వేసుకుని ఇంటికి తాళం వేస్తోంది. భర్త అప్పటికే షెడ్డుకు పోయాడు. చేతిసంచీ పైన ఖాళీ సీసా కనపడుతోంది. దగ్గరకు పోయి, చెవి దగ్గర నోరు పెట్టి, మెల్లగా చెప్పాను.

"ఏంది?" అన్నది.

లోపలికి రమ్మని సైగ చేశాను. బస్సు వేళయిందని తల అడ్డంగా ఊపింది. కాగితం మీద రాద్దామంటే ఆమెకు చదువు రాదు. కొంచెం గొంతు పెంచాను.

"ఏంది నర్సమ్మా? గట్టిగా చెప్పు."

"నీకు క్షయ లేదు!" అని అరిచాను. బోరింగు చప్పుడు ఆగింది. "సూదులొద్దు! అది రోగం కాదు! ముట్లుడిగినాక వచ్చే సెగలు అయ్యి! వాటంతటవే పోతయ్యి!"

ఆమె నా నోటి వంకే చూస్తూ ఒక్కొక్క ముక్క ఏరుకుంది. "ఎవరు చెప్పారు? డాక్టరా?"

"నాకూ వస్తన్నయ్యి! ఏడాది నించి నాకూ అయ్యే! నాకు గూడా ముట్లు ఆగిపోయినయ్యి!"

బిందెల వరస అంతా నా వైపే తిరిగింది. అందులో మా అత్తగారికి పాలు పోసే మనిషి కూడా ఉంది. ఏడాది పాటు మూడు రోజుల చాప పరిచి దాచిన మాట, పొద్దున్నే నడివీధిలో, బజారు బజారంతా వినేలా అరిచాను. ఆ రోజు నాకు దానికి సిగ్గేయలేదు. సిగ్గు వేరే చోటికి మారింది.

బూబమ్మ అరుగు మీద కూలబడింది. సంచీలోంచి సీసా తీసి చేతిలో తిప్పుతూ చాలాసేపు చూసింది. చెవిటివాళ్లకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. ఆమె అడిగింది వీధి చివరిదాకా వినపడింది.

"ఎప్పుట్నించి తెలుసు నీకు?"

తల దించుకున్నాను. ఆమె లేచి, నా గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది.

"మొదటి రోజు నించి" అన్నాను.

ఆమెకు వినపడలేదు. గట్టిగా మళ్లీ చెప్పాను.